సప్పుడు పట్టేది

కంప్యూటర్ మెనూలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అనే దాని మీద మనుషులు నెలల తరబడి పోట్లాడుకుంటారని చెబితే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు. మేం పోట్లాడుకున్నాం. పంతాలు కూడా వచ్చాయి. ఒకాయన పెళ్లికి పిలిస్తే ఆ కోపంతోనే నేను వెళ్లలేదు.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన తొలి రోజులు అవి. ఉచితంగా దొరికే ఒక కంప్యూటర్ వ్యవస్థను తెలుగులోకి తేవాలని కొంతమందిమి పూనుకున్నాం. జీతం లేదు, పేరు లేదు. పగలు ఎవరి ఉద్యోగం వాళ్లది. సాయంత్రం అయ్యేసరికి అందరం మెయిళ్లలో చేరి ఒక్కో మాట మీద జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. నా ఉద్యోగం విమానాశ్రయంలో సరుకులు దింపే వైపు, అక్కడి కంప్యూటర్లు చూసుకోవడం. ఉండేది ఊళ్లో, హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే ఒక డాబా ఇంటి పై వాటాలో. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి, అప్పటికి పెళ్లి కాలేదు, నా మాటే నెగ్గాలనే జబ్బు బాగా ఉండేది. ఇప్పుడు తగ్గిందంటే మా ఆవిడ ఒప్పుకోదు.

తగువేమిటంటే, కొన్ని ప్రోగ్రాములకు ముఖం ఉండదు. బొమ్మలూ బటన్లూ ఏమీ లేకుండా ఒట్టి నల్ల కిటికీ తెరుచుకుని, అందులో తెల్ల అక్షరాలతో పని చేస్తాయి. తెలిసినవాళ్లు వాటి పేరు టైపు చేసి పిలుచుకుంటారు. అలాంటివాటిని కూడా తీసుకొచ్చి, పాటలు వినేదాని పక్కన, బొమ్మలు గీసేదాని పక్కన మెనూలో కూర్చోబెట్టాలా, వద్దా? వద్దని నేను. మెనూ అంటే ఇంటికొచ్చినవాళ్లను కూర్చోబెట్టే ముందుగది. అక్కడ దేన్ని నొక్కినా ఏదో ఒకటి కనపడి పలకరించాలి. ఈ నల్ల కిటికీ తెరుచుకుని ఊరుకుంటుంది. ఏం చేస్తోందో చెప్పదు, మనల్ని ఏం చెయ్యమంటుందో చెప్పదు. కొన్నయితే పని ముగించుకుని రెప్పపాటులో మాయమవుతాయి. కొత్తగా కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు ఏదో చెడగొట్టానని హడలిపోతాడు.

రాజేంద్రనగర్ నుంచి రాసే ఒకావిడ మాత్రం ఉండి తీరాలనేది. "ముఖం నచ్చలేదని ఇంట్లో ఉన్న మనిషిని లేడని చెప్పి పంపించేస్తారా?" అని రాసిందొకసారి. దానికి నేను చాంతాడంత జవాబు రాశాను. అందులో వెటకారం పాలు కాస్త ఎక్కువే.

ఈ గొడవ నడుస్తుండగానే, కింద వాటాలో ఉండే మా ఇంటి యజమాని కంప్యూటర్ నేర్చుకుంటానన్నాడు.

ఆయనకు అరవై దాటాయి. పంచాయతీలో నీళ్ల మోటరు నడిపి మానుకున్నాడు. ఆయన చెలక, అంటే మెట్టపొలం, విమానాశ్రయం కిందికి పోయింది. మనిషి బొత్తిగా మాటలు తక్కువ. నేను "బాబాయ్‌గారూ" అంటే, "గారు గీరు ఎందుకు బిడ్డా, నేనేమన్న తాసీల్దారునా?" అనేవాడు. ఆయన నోటి నుంచి నేను విన్న పొడుగు వాక్యాల్లో అదొకటి. ఆయన మాట్లాడాల్సినవి కూడా వాళ్లావిడే మాట్లాడేది. ఆవిడ గొంతు పెద్దది, మనసూ పెద్దదే. ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. నేను పలావు బాగుందనీ, ఊళ్లో మంచినీళ్లు బాగాలేవనీ వాగుతూనే ఉన్నాను. ఆయన తల ఎత్తలేదు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చాక అప్పుడు జవాబు చెప్పాడు, నేను అడిగిన మొదటి ప్రశ్నకి.

నేను కొత్త కంప్యూటర్ కొనుక్కుని, పాతదాన్ని కింద వాళ్ల పక్కగదిలో పెట్టాను. మా తెలుగు మెనూ ఉన్న వ్యవస్థనే అందులో ఎక్కించాను. ఉత్తరాలు రాయొచ్చు, సినిమాలు చూడొచ్చు అని నేను చెబుతుంటే ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"విమానం సప్పుడు పట్టి, మల్ల ఇనిపిస్తదా గిది?"

"వినిపిస్తుంది బాబాయ్‌గారూ. ఎందుకు?"

"నా చెలకల ఏం దిగుతున్నదో నాకు తెల్వాలె గద."

శబ్దం రికార్డు చేసే ప్రోగ్రాముల్లో ముఖం ఉన్నది, ఎర్ర బటనూ గెంతే గీతలూ ఉన్నది, ఆ పాత యంత్రం మీద బిగుసుకుపోయేది. ముఖం లేనిది ఒకటి ఉంది. అది చక్కగా పని చేసింది. దాంతో వద్దు వద్దని ఊరంతా చాటిన నేనే, ఆయన కోసం ఒక నల్ల కిటికీని మెనూలో పెట్టాను. పేరు దగ్గర మళ్లీ పేచీ. మా గుంపులో పండితులు దానికి 'ధ్వని ముద్రణి' అని పెట్టారు. ఆయనకు చదివి వినిపిస్తే, "గదేందో మందు పేరు లెక్కున్నది. సప్పుడు పట్టేది అని రాయి" అన్నాడు. అలాగే రాశాను. నేను చేసిన అనువాదాలన్నిటిలోకీ మంచిది అదే, అది నాది కాదు. మెనూలో దాని బొమ్మ ఒక నల్ల చదరం. దాని పైనున్న వరుస 'ఫొటోలు చూసేది'.

నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. ఒక్క లైను రాసి, ఇక ఊరుకుంటుంది. తెల్ల గుర్తు ఒకటి కొట్టుకుంటూ ఉంటుంది. గది కిటికీ పక్కన నిలబెట్టిన మైకులోంచి విన్నదంతా దాచుకుంటుంది. ఆపాలంటే రెండు కీలు కలిపి నొక్కాలి. ఆపగానే కిటికీ మాయమైపోతే ఆయన కంగారు పడతాడని, చివర ఒక లైను నేను కలిపాను: 'సప్పుడు పట్టడం ఆగింది. మూయడానికి ఎంటర్ నొక్కండి.' ఆ లైను ఆ రెండు కీలు నొక్కితేనే వచ్చేలా రాశాను. ఇంక దేనివల్ల ఆగినా రాదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, నేనైతే మర్చిపోలేకపోయాను.

"పని చేసేటప్పుడు అది ఏమీ చెప్పదు బాబాయ్‌గారూ, చెడిపోయిందనుకోకండి" అన్నాను.

"పని చేసేటోడు ముచ్చట పెడతడా?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన లోకం అదే. విమానం వచ్చే వేళకు కూర్చోవడం, నల్ల కిటికీ తెరవడం, అది పోయాక ఆపి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం. పెద్దదేదో చిన్నదేదో చూడకుండానే చెప్పేవాడు. ఆవిడకు మాత్రం ఒళ్లు మండేది. "ఆ నల్లదాంట్ల ఏమున్నది బిడ్డా? పొద్దందాక బాయిలకు సూసినట్టు సూస్తడు" అని నాతో అనేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ అన్నం వడ్డించి పిలిచింది. పెద్ద విమానం ఏదో రావలసి ఉంది, ఆయన లేవలేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆఖరికి గుమ్మంలోకొచ్చి, "ఇగ ఆ నల్లదాన్నే తిను, నా బువ్వ నీకెందుకు!" అని అరిచింది. ఆయన రెండు కీలు నొక్కి ఆపాడు, చెప్పులేసుకున్నాడు, బయటికి వెళ్లిపోయాడు. విమానాశ్రయం ప్రహరీ అవతల తన పాత పొలం కనపడే చోట ఒక బండరాయి ఉంది, ఆయన కూర్చునే చోటు. అక్కడే పడిపోయాడు. మేకలు కాసేవాళ్లు చూసి దవాఖానకు తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. కబురు వచ్చేసరికి కంచంలో అన్నం అలాగే ఉంది. పైన మూతపెట్టి ఆవిడ ఎదురుచూస్తూ కూర్చుంది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. చనిపోయినవారికి ఇష్టమైనవన్నీ వండి బయట పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆయన తృప్తిగా వెళ్లాడని. ముట్టకపోతే ఏదో కోరిక, ఏదో కోపం మిగిలిపోయిందని. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డాం. ఒక్క కాకి రాలేదు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఎవరో ఆవుకు పెట్టి అయిందనిపించారు.

నాకు వాళ్ల గుసగుసల మీద కోపం వచ్చింది. "రన్‌వే మీదికి పక్షులు రాకుండా పటాకులు పేలుస్తారు పిన్నిగారూ, ఈ చుట్టుపక్కల కాకులెక్కడున్నాయి?" అన్నాను.

"నీకు కాకుల సంగతి తెల్సు బిడ్డా. ఆయన సంగతి నాకు తెల్సు" అంది. "అలిగి పోయిండు. ఆకలితోని పోయిండు."

ఆ రెండు మాటలే ఆవిడను పట్టుకున్నాయి. మధ్యాహ్నం అన్నం మానేసింది. ఆయన తినని పూట తనకెందుకని. రాత్రి ఒకటో రెండో ముద్దలు. కందుకూరు నుంచి వచ్చిన కూతురు, అత్తగారింటికి తిరిగి వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, "జర అమ్మను సూస్తుండు అన్నా, గిట్లయితే ఆమె గూడ దక్కదు" అంది. నేను చూస్తూనే ఉన్నాను. చూడటం తప్ప ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ పెద్ద గొంతు పోయింది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా తయారైందంటే, పై వాటాలో నేను మంచినీళ్లు పోసుకుంటున్నా కింద ఎవరో పోసుకుంటున్నట్టు ఉండేది.

ఉదయం షిఫ్టు ముగించుకుని వస్తే ఆవిడ పక్కగదిలో, ఆపేసి ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని కనపడేది. ఆ నల్లటి అద్దంలో ఆవిడ ముఖం, వెనక గుమ్మంలో నేను. ఒకరోజు, "అది తెరువు బిడ్డా" అంది. ఏదని అడగక్కర్లేదు. తెరిచాను. నల్ల కిటికీ వచ్చింది, ఒక్క లైను రాసింది, ఊరుకుంది. తెల్ల గుర్తు మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆవిడ వంగి దగ్గరగా చూసింది.

"నాడి లెక్క కొట్టుకుంటున్నది. లోపట ఎవరున్నరు?"

"ఎవరూ లేరు పిన్నిగారూ."

నా మాట నాకే ఎక్కడో విన్నట్టు అనిపించింది. గబగబా ఆపేశాను. మెనూలోంచి ఆ వరుస తీసేయాలని ఆ సాయంత్రమే అనుకున్నాను. మా గుంపులో నేను అన్నది ఇందుకే కదా. ముఖం లేనిదాన్ని మనుషుల మధ్య పెడితే, వాళ్లు తమకు తోచిన ముఖాన్ని దానికి తగిలిస్తారు. తీసేద్దామని అనుకున్నాను, బద్ధకమో మరేమో, తీయలేదు.

నెల మాసికం వచ్చింది. వాళ్లింటి పద్ధతి ఇలా ఉంటుంది. పోయినవారి ఫొటో ముందు విస్తరి వేసి, అన్నం, కూర, ఆయన తాగే కల్లు, అన్నీ పెడతారు. ఊదుబత్తి వెలిగించి, అందరూ గది బయటికి వచ్చి తలుపు మూసేస్తారు. లోపల ఆయన వచ్చి తింటాడు. ఆ కాసేపు ఎవరూ లోపలికి తొంగి చూడకూడదు. తర్వాత పెద్దవాళ్లెవరో దగ్గి, తలుపు కొట్టి, అప్పుడు తీస్తారు. ఆయన లేచి వెళ్లడానికి వీలుగా.

చిక్కు ఫొటో దగ్గర వచ్చింది. ఫొటో స్టూడియోవాడు ఆయన ముఖాన్ని కత్తిరించి, నీలం తెర ముందు నిలబెట్టి, కోటు తొడిగి టై కట్టి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "గీయన ఎవరు? కోటేసుకున్నోణ్ణి నేను చేసుకోలే" అని తిప్పి పెట్టేసింది. ఆయన ఫొటో బాగున్నది ఒక్కటే ఉంది, నేను తీసింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, విమానం కోసం పైకి చూస్తున్నాడు. అది కంప్యూటర్‌లోనే ఉంది. కాబట్టి కంప్యూటర్ తెర ముందే పెడదామంది. కూతురు నొసలు చిట్లించింది కానీ తల్లి మాట కాదనలేదు.

అలా పక్కగదిలో, కీబోర్డును తీసి కంప్యూటర్ డబ్బా మీద పెట్టి, ఖాళీ అయిన బల్ల మీద విస్తరి వేశారు. నేను వాకిట్లో ఉన్నాను. లోపల ఆవిడ తన చేత్తోనే ఫొటో తెరుస్తానని మౌసు పట్టుకుంది. చదువు రాదు, బొమ్మలే గుర్తు. ఒక వరుస కిందికి జారి, నల్ల చదరాన్ని నొక్కింది. నల్ల కిటికీ తెరుచుకుంది. "అయ్యో, గదే ఒచ్చింది" అని ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంటే, "ఉండనీ అమ్మా" అని కూతురు పై వరుస నొక్కి ఫొటో తెర నిండా తెరిచింది. నల్ల కిటికీ ఫొటో వెనక ఉండిపోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

తలుపు మూశారు. వాకిట్లో నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నం, నీడలు కాళ్ల కిందే ఉన్నాయి. పిల్లలు కూడా గొడవ చెయ్యలేదు. ఒక విమానం తలల మీదుగా దిగింది. అది పోయాక వచ్చిన నిశ్శబ్దం ముందుకన్నా ఎక్కువగా ఉంది. మూసిన తలుపు వైపు ఎవరూ సూటిగా చూడటం లేదు, నేను కూడా. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా చూడలేదు.

ఉన్నట్టుండి ఆవిడ కదిలింది. తలుపు దగ్గరకు వెళ్లి, రెక్కల సందు దగ్గర నోరు పెట్టి, మెల్లగా అడిగింది.

"తిన్నవా?"

"అట్ల పిలవద్దమ్మా!" అని కూతురు చెయ్యి పట్టి లాగింది. ఆవిడ చెవి తలుపుకు ఆనించే ఉంచింది. ఏమీ లేదు. ఇంకాసేపటికి పెద్దాయన ఒకాయన దగ్గి, తలుపు కొట్టి, తీశాడు. ఊదుబత్తి పొగ, తెర మీద పైకి చూస్తున్న మనిషి, పెట్టినవి పెట్టినట్టే విస్తరి. అలాగే ఉంటుందని అందరికీ తెలుసు, ఆ అన్నాన్నే తర్వాత ఇంటివాళ్లు పంచుకుని తింటారు. కానీ ఆవిడ విస్తరిని చూసి, "మాట్లాడలే. ఇంక కోపం పోలే" అని గోడకు జారగిలబడింది. ఆ పూట కూడా తినలేదు.

సాయంత్రం చుట్టాలు వెళ్లాక కంప్యూటర్ ఆపుదామని నేను లోపలికి వెళ్లాను. ఫొటో మూశాను. వెనక నల్ల కిటికీ ఉంది. అందులో ఆఖరి లైను చదివాను. 'సప్పుడు పట్టడం ఆగింది. మూయడానికి ఎంటర్ నొక్కండి.'

ఎవరు ఆపారు? కూతుర్ని పిలిచి అడిగాను. అప్పుడే తల్లి ఏం నొక్కిందో చెప్పింది. ఆపడం ఆమెకు తెలియదు, తల్లికీ తెలియదు. పెద్దలు తలుపు తీశాక కీబోర్డును ఎవరూ ముట్టలేదు. అది డబ్బా మీద, పెట్టిన చోటే ఉంది. నాకు భయం వేసింది. దాన్ని ఇంకో పేరుతో చెప్పడం ఇప్పుడు అనవసరం.

శబ్దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, మర్నాడు పగటిపూట, కిటికీలన్నీ తెరిచి పెట్టుకుని పైన విన్నాను. మొదట ఆవిడ "అయ్యో" అనడం, వడ్డించడం, గిన్నెల చప్పుడు. తర్వాత అందరి అడుగులు, తలుపు మూసిన శబ్దం. ఆ తర్వాత గది. ఫ్యాను కూడా లేదు. మూసిన గది తనంతట తాను ఎలా ఉంటుందో నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు, వినాలని ఎవరికైనా ఎందుకు తోస్తుంది? విమానం వచ్చింది. గ్లాసు బల్ల మీద సన్నగా మోగింది, ఆగింది. మళ్లీ గది. తలుపు సందులోంచి "తిన్నవా?" అన్న ఆవిడ గొంతు, దగ్గరగా. నిశ్శబ్దం. చాలాసేపు. అప్పుడు టక్‌మని రెండు కీలు కలిసి నొక్కిన చప్పుడు. అంతే, అయిపోయింది. పెద్దాయన దగ్గడం, తలుపు కొట్టడం అందులో లేవు. అది ఆగాకే మేం లోపలికి వెళ్లాం.

ఎలుక అనుకున్నాను. ఎలుక ఎక్కి సరిగ్గా ఆ రెండు కీలనే కలిపి తొక్కిందా? కీబోర్డు డబ్బా మీద వంకరగా ఉండి, విమానం అదురుకు కదిలిందా? విమానం అప్పటికే వెళ్లిపోయింది. ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. నేను ఇప్పటికీ అదే అంటాను. పగలైతే గట్టిగా అంటాను.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. కానీ నా మొహం దాచడం చేతకాదు. రెండు మూడు రోజులు నేను ఆ గదిని తప్పించుకుని మెట్లెక్కడం చూసి, ఆవిడ మెట్ల దగ్గరే నన్ను ఆపింది.

"ఆ దినం అది సప్పుడు పట్టింది గద?"

కూతురు ఫోన్లో చెప్పిందట, నేను ఏవేవో అడిగానని. కాదనలేకపోయాను.

"నాకు ఇనిపియ్యి."

"పిన్నిగారూ, ఆ కాసేపు లోపలికి చూడకూడదంటారు కదా మీరు."

"సూడొద్దన్నరు. ఇనొద్దని ఎవరన్న చెప్పిండ్రా?" అంది. నెల తర్వాత ఆ గొంతులో పాత పదును విన్నాను.

కింద గదిలో కూర్చున్నాం. మధ్యాహ్నమే. ఇయర్‌ఫోన్లు వద్దంది, పైకే పెట్టమంది. నేను పెట్టి, కుర్చీ కొంచెం గుమ్మం వైపు జరుపుకున్నాను. ఆవిడ మాత్రం తెరను ఎదురుగా పెట్టుకుని, ఒడిలో చేతులు పెట్టుకుని, వడ్డించి కూర్చున్న మనిషిలా కూర్చుంది. గిన్నెల చప్పుడుకు తల ఊపింది. విమానం వచ్చినప్పుడు, "పెద్దదే" అంది. గ్లాసు మోగింది. ఆ తర్వాత తన గొంతు తనకే వినిపించింది: "తిన్నవా?"

నిశ్శబ్దం మొదలైంది. ఆవిడ ఏడుస్తుందేమోనని నేను ఆపబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. వింటూ ఉంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపు నడిచిందో అంతసేపూ ఆవిడ ముఖంలో ఏదో సడలుతూ వచ్చింది.

"మాట్లాడలేదనుకున్న నేను" అంది మెల్లగా. "తినేకాడ ఆయన ఎన్నడు మాట్లాడిండు? పిచ్చిదాన్ని, తింటున్నోణ్ణి పట్టుకొని తిన్నవా అని అడిగితి."

అప్పుడే ఆ రెండు కీల చప్పుడు వచ్చింది, టక్‌మని. నేను కుర్చీలో ఉలిక్కిపడ్డాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. ఆ చప్పుడు ఆవిడకు కొత్త కాదు, వంటింట్లోంచి రోజూ విన్నదే, ఆయన బల్ల దగ్గర నుంచి లేచే ముందు. ఇన్నాళ్లుగా దాని కోసమే వంటింట్లో చెవులు రిక్కించుకుని ఉన్నదానిలా లేచి, కొంగు దులుపుకుంది.

"ఇగ లేసిండు" అంది.

వంటింట్లోకి వెళ్లింది. పళ్లేల శబ్దం విని నేనూ వెనకే వెళ్లాను. రెండు కంచాల్లో అన్నం పెట్టింది, పప్పు, మామిడికాయ తొక్కు. నేల మీద కూర్చుని మొదటి ముద్ద కలిపింది, తింది. ఆయన పోయాక ఆవిడ మధ్యాహ్నం తిన్న మొదటి అన్నం అది. సంతోషం పట్టలేక నేను ఏదో చెప్పబోయాను, కీబోర్డు గురించో, ఎలుక గురించో, నాకే గుర్తులేదు.

"తిను బిడ్డా ముందు" అంది.

ఇద్దరం ఏమీ మాట్లాడకుండా తిన్నాం.

మా గుంపు ఆ వారమే తేల్చేసింది, నల్ల కిటికీలు మెనూలో ఉండవని. నేను రాసిన పాత మెయిళ్లనే ఎత్తి చూపించి నెగ్గారు. ఉండనివ్వండి అని నేనొక్క ముక్క రాస్తే, నన్ను ఆట పట్టించారు. రాజేంద్రనగర్ ఆవిడ మాత్రం విడిగా రాసి, ఎందుకు మారారు అని అడిగింది. చాలాసార్లు రాయబోయి, కొట్టేసి, చివరికి ఇంట్లో ఉన్న మనిషిని లేడనడం మర్యాద కాదు కదండీ, అని ఆమె మాటే ఆమెకు రాసి ఊరుకున్నాను.

పిన్నిగారి కంప్యూటర్‌లో ఆ వరుసను మాత్రం తీయలేదు. నేను ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా, ఎప్పుడైనా దుమ్ము దులపడానికో, చెడితే బాగుచేయడానికో ఆ గదిలోకి వెళ్లాల్సి వచ్చేది. తలుపు తీసే ముందు ఒకసారి దగ్గేవాణ్ణి. ఆవిడ వంటింట్లోంచి వినేది, ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు.